1.86 లక్షల కిలోమీటర్లు తిరిగిన హోండా సిటీలో టిక్ టిక్ శబ్దం: టాపెట్లేనా, ఇంకేదైనానా?

చంపావతి_తీరం (విజయనగరం)

అందరికీ నమస్కారం.

బండి హోండా సిటీ 1.5 ఐ-వీటెక్, 2011 మోడల్, మాన్యువల్ గేర్లు. మీటరు మీద 1,86,400 కిలోమీటర్లు. వారానికి మూడు నాలుగు సార్లు విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లి వస్తుంది, నెలకోసారి పలాస. మిగతాదంతా ఊళ్లో తిరుగుడే.

బోనెట్ ఎత్తి నిల్చుంటే ఇంజిన్ పైభాగం నుంచి టిక్ టిక్ టిక్ అని సన్నగా, తాళం తప్పకుండా వస్తోంది. పొద్దున్న స్టార్ట్ చేసిన క్షణం నుంచే ఉంటుంది, వేడెక్కినా పోదు. యాక్సిలరేటర్ నొక్కితే దాంతోపాటే వేగం పెరుగుతుంది, ఇంజిన్ వేగం నిమిషానికి 2,500 చుట్లు దాటాక మిగతా హోరులో కలిసిపోతుంది. పికప్‌లో తేడా తెలియడం లేదు. చెక్ లైటు రాలేదు. ఆయిల్ లైటు తాళం తిప్పగానే వెలిగి, స్టార్ట్ అవగానే ఆరిపోతోంది.

ఒక షెడ్డులో "టాపెట్ సౌండు బాబూ, చిక్కటి ఆయిల్ పోస్తే పోతాది" అని 5డబ్ల్యూ-30 తీసేసి 20డబ్ల్యూ-50 పోశారు. వారం రోజులు తగ్గినట్టే ఉంది, తర్వాత మళ్లీ మొదలు. ఇంకో చోట "టాపెట్లు పోయాయి, హెడ్డు దించాల్సిందే" అన్నారు. హెడ్డు (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) దించాక ఖర్చు ఎక్కడ ఆగుతుందో తెలియదు కాబట్టి ముందు ఇక్కడ అడుగుతున్నాను. ఇది నిజంగా టాపెట్లేనా, ఎలా తేల్చుకోవాలి? టాపెట్లే అయితే హెడ్డు దించకుండా అయ్యే పనేనా? ఇలాగే నడిపితే ఏం పాడవుతుంది?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

ముందు ఒక మాట చెప్పండి. బండికి గ్యాస్ కిట్ ఉందా? ఉంటే ఎన్ని కిలోమీటర్లు గ్యాస్ మీద తిరిగింది? నేను కింద చెప్పేదాంట్లో సగం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది.

"టాపెట్ సౌండ్" అంటే వాల్వుల్ని తొక్కే భాగాల చప్పుడు, కానీ అది మన దగ్గర ఇంజిన్ పైనుంచి వచ్చే ప్రతి టిక్కుకీ పెట్టే పేరు. ఆ పేరు విని డబ్బు ఖర్చు పెట్టకండి. అలాంటి శబ్దమే చేసేవి కనీసం అరడజను ఉన్నాయి, వాటిలో కొన్ని రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతాయి.

మొదట ఆయిల్. చదును నేల మీద ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. తక్కువుంటే సంగతి తెలిసిందే. పై గీత దాటి బాగా ఎక్కువ పోసినా తప్పే: క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగెత్తిన ఆయిల్ రాకర్ల (వాల్వుల్ని తొక్కే మీటలు) మీద పట్టు నిలపలేదు. అలాగే బండి కింద దూరి ఆయిల్ ఛాంబర్ చూడండి. ఊళ్లో స్పీడ్ బ్రేకర్లకి తగిలి ఛాంబర్ లోపలికి నొక్కుకుపోతే, లోపల ఆయిల్ పీల్చే జాలీకి, అడుగు రేకుకి మధ్య సందు తగ్గిపోతుంది. లెవెల్ సరిగ్గానే కనిపిస్తుంది, పైకి ప్రెషర్ మాత్రం చాలదు. ఇది చాలామంది చూడరు.

తర్వాత శబ్దం వేగం. క్యామ్ షాఫ్ట్ (వాల్వులు తెరిపించే ఇరుసు) క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. ఐడిలింగ్ నిమిషానికి 750 చుట్లు అనుకుంటే ఒక వాల్వ్ నిమిషానికి 375 సార్లు, అంటే సెకనుకు ఆరు సార్ల చిల్లర కొడుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి నెమ్మదిగా వినిపించి లెక్కపెట్టండి. సెకనుకు పన్నెండు పైన వస్తుంటే అది క్రాంక్ వేగంతో వచ్చేది, లేదా రెండు వాల్వులు కలిసి కొడుతున్నవి. అయితే ఈ లెక్క ఒక్కదాన్నే నమ్మకండి. పెట్రోల్ ఇంజెక్టర్ కూడా రెండు చుట్లకు ఒకసారే తెరుచుకుంటుంది కాబట్టి దాని టిక్కు కూడా సెకనుకు ఆరే. ఇంజెక్టర్‌ని వాల్వ్ అనుకుని టాపెట్ కవర్ విప్పేయడం ఇక్కడే జరుగుతుంది.

అందుకని పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి, కొనని ఒక్కొక్క చోట పెట్టి వినండి. ముందు నాలుగు ఇంజెక్టర్ల ఒంటి మీద, తర్వాత టాపెట్ కవర్ బోల్టుల మీద వరసగా, తర్వాత చైన్ కేసు (క్యామ్‌ని తిప్పే చైన్ మూత) మీద, చివరికి బ్లాకు కింది భాగం మీద. చొక్కా చేతులు, తాడు, గొలుసు బెల్టు దగ్గరికి రాకుండా చూసుకోండి. నాలుగు ఇంజెక్టర్లూ ఒకే గట్టితనంతో టిక్కుమంటే అది వాటి మామూలు పలుకు. టాపెట్ కవర్ మీద ఒక సిలిండర్ దగ్గర మిగతా మూటికన్నా గట్టిగా కొడుతుంటే అప్పుడు వాల్వ్ గ్యాప్ (వాల్వ్‌కీ, దాన్ని తొక్కే రాకర్‌కీ మధ్య సన్నటి ఖాళీ) అనుమానించాలి.

ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే ఐడిలింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి అయిదు సెకన్లు విని మళ్లీ పెట్టండి. ఆ సిలిండర్ మండడం ఆగుతుంది, ఇంజిన్ కుంటుతుంది. శబ్దం పూర్తిగా పోతే అది ఇంజెక్టరే. శబ్దం రంగు మారినా, మెత్తబడినా మంట బలం మీద ఆధారపడినదన్నమాట: పిస్టన్, కనెక్టింగ్ రాడ్ బేరింగ్, లేదా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లీకు. ఏమీ మారకుండా అలాగే కొడుతుంటే వాల్వుల వైపే. ఈ పరీక్ష కాయిల్ కనెక్టర్ పీకి చేయకండి. కాయిల్ పీకితే మండని పెట్రోల్ పచ్చిగా క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. ఇంజెక్టర్ పీకితే గాలి మాత్రమే పోతుంది. చెక్ లైటు వెలుగుతుంది, తర్వాత స్కానర్‌తో చెరిపేసుకోవచ్చు.

ఎగ్జాస్ట్ ప్యాకింగ్ లీకు చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కొట్టి, మానిఫోల్డ్ వేడెక్కి వ్యాకోచించాక తగ్గుతుంది. మీది వేడెక్కినా తగ్గడం లేదంటున్నారు కాబట్టి దీనికి అవకాశం తక్కువే. అయినా మానిఫోల్డ్ అంచుల్లో నల్లటి మసి చారలున్నాయేమో టార్చి వేసి చూడండి.

ఇంకొకటుంది, పర్జ్ వాల్వ్. పెట్రోల్ ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే చిన్న ప్లాస్టిక్ సోలెనాయిడ్. దాని టిక్కు యాక్సిలరేటర్‌తో కలిసి పెరగదు, తన లయలో తను కొట్టుకుంటుంది. కనెక్టర్ పీకితే ఆ శబ్దం ఠక్కున ఆగిపోతుంది. మీ వర్ణనకి సరిపోదు, కానీ వేరే వాళ్లు చదువుతారు కదా అని రాశాను.

ఆఖరికి బెల్టు. ఈ బండిలో ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, వాటర్ పంపు అన్నీ ఒక్క బెల్టు మీదే. బెల్టు తీసి అర నిమిషం మాత్రం నడిపి వినండి. వాటర్ పంపు ఆగి ఉంటుంది కాబట్టి అంతకు మించి నడపొద్దు.

చంపావతి_తీరం

గ్యాస్ కిట్ ఉందండీ, ముందే రాయాల్సింది. సీక్వెన్షియల్ ఎల్పీజీ కిట్, దాని మీద సుమారు 70,000 కిలోమీటర్లు తిరిగింది. స్టార్ట్ అయ్యేది పెట్రోల్ మీద, తర్వాత గ్యాస్‌కి మారుతుంది.

చెప్పినవన్నీ ఈరోజు పొద్దున్న చూశాను. ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. ఛాంబర్‌కి గీతలున్నాయి గానీ నొక్కుకుపోలేదు. ఫోన్‌లో లెక్కపెడితే సెకనుకు ఆరూ ఏడూ మధ్య. స్క్రూడ్రైవర్ పెడితే టాపెట్ కవర్ మీద రెండో సిలిండర్ దగ్గర బాగా గట్టిగా, నాలుగో దాని దగ్గర కొంచెం. రెండో ఇంజెక్టర్ పీకినా టిక్కు అలాగే ఉంది. బెల్టు తీసినా తేడా లేదు. పెట్రోల్ మీదా గ్యాస్ మీదా ఒకేలా ఉంది, గ్యాస్ మీద అదనంగా ఇంకో టకటక వినిపిస్తోంది.

నాగావళి_ఒడ్డు

ఆ అదనపు టకటక గ్యాస్ ఇంజెక్టర్ల రైలుది. అవి పెట్రోల్ ఇంజెక్టర్ల కన్నా మొరటుగా కొట్టుకుంటాయి, అది జబ్బు కాదు. రైలుని హెడ్డుకో మానిఫోల్డ్‌కో నేరుగా బిగించేస్తే ఆ శబ్దం ఇంజిన్ ఒంటికంతా పాకుతుంది. రబ్బరు బుష్‌లున్నాయో లేదో చూసి, లేకపోతే వేయించండి. మిగతా విచారణ అంతా పెట్రోల్ మీదే చేయండి.

మీరు చెప్పినదాన్ని బట్టి రెండో సిలిండర్‌లో వాల్వ్ గ్యాప్ పెరిగింది. హెడ్డు దించే పని కాదు. గ్యాప్ సెట్టింగ్ సంగతి వంశధార గారు నాకన్నా బాగా చెబుతారు.

వంశధార_1500 (నరసన్నపేట)

చంపావతి గారూ, రెండు రకాల ఇంజిన్లు ఉంటాయని ముందు తెలుసుకోవాలి. కొన్నింటిలో ఆయిల్ ప్రెషర్‌తో తనంతట తాను గ్యాప్ సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లుంటాయి. మీ ఇంజిన్‌లో అవి లేవు. ఒక క్యామ్ షాఫ్టు, పదహారు వాల్వులు, రాకర్ కొనన స్క్రూ, దాని మీద లాక్ నట్టు. అంటే గ్యాప్ చేత్తో పెట్టాల్సిందే, ఏ ఆయిలూ దాన్ని సరిచేయదు. 20డబ్ల్యూ-50 పోసినప్పుడు వారం తగ్గడానికి కారణం, చిక్కటి ఆయిల్ పొర ఆ ఖాళీలో దిండులా పని చేయడమే. ఖాళీ మాత్రం అలాగే ఉంది. పైగా ఈ ఇంజిన్‌లో వీటెక్ (వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీదే, మాన్యువల్ చెప్పిన గ్రేడుని దృష్టిలో పెట్టుకునే సన్నటి దారులు పెట్టారు. చిక్కటి ఆయిల్‌తో పొద్దున్న స్టార్టింగ్‌లో పైకి ఎక్కడమే ఆలస్యం. ఈ సెట్టింగ్ అయ్యాక ఆ ఆయిల్ తీసేసి మాన్యువల్‌లో ఉన్న గ్రేడు పోయండి. "లిఫ్టర్ శబ్దం తగ్గించే మందు" అని అమ్మే సీసాలు కూడా వద్దు, లిఫ్టరే లేని ఇంజిన్‌లో అదేటి చేస్తాది?

ఈ ఇంజిన్‌కి గ్యాప్ లెక్క: ఇన్‌టేక్ (లోపలికి పీల్చే వాల్వులు) 0.15 నుంచి 0.19 మి.మీ., ఎగ్జాస్ట్ (పొగ బయటికి వదిలేవి) 0.26 నుంచి 0.30 మి.మీ. రెండూ చల్లటి ఇంజిన్ మీద. చల్లగా అంటే హెడ్డు ఉష్ణోగ్రత 38 డిగ్రీల లోపు. ఇక్కడే మన ప్రాంతంలో తప్పు జరుగుతుంది. బండిని పదింటికి షెడ్డుకి నడిపించుకెళ్లి, గంట ఆగి "చల్లారింది" అని గ్యాప్ పెడతారు. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండి హెడ్డు 38కి దిగనే దిగదు. రాత్రంతా ఇంటి దగ్గర నిలబెట్టి, తెల్లారి ఆరింటికి మెకానిక్‌నే పిలిపించుకుని పని మొదలుపెట్టండి. ఎనిమిదిన్నరకి అయిపోతుంది.

కావలసినవి ఎక్కువేం లేవు. 0.15, 0.18, 0.20, 0.25, 0.28, 0.30 బ్లేడులున్న ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు), కొన వంచినదైతే ఇంకా సుళువు. లాక్ నట్టుకి సరిపడే రింగు పానా, సన్న స్క్రూడ్రైవర్, క్రాంక్ పుల్లీ బోల్టుకి సరిపడే సాకెట్, టార్క్ పానా. కొత్త టాపెట్ కవర్ ప్యాకింగ్, ప్లగ్గు గొట్టాల రబ్బరు సీళ్లు ముందే కొని పెట్టుకోండి. ఇన్నేళ్ల పాత రబ్బరు బిళ్లలా గట్టిపడి ఉంటుంది, మళ్లీ పెడితే ఆయిల్ కారి ప్లగ్గు గుంటల్లో నిలుస్తుంది.

పని ఇలా సాగుతుంది. హైవే దుమ్ము టాపెట్ కవర్ అంచుల్లో పేరుకుని ఉంటుంది, విప్పే ముందే గాలి కొట్టి బ్రష్‌తో తుడవండి. తుడవకుండా కవర్ ఎత్తితే ఆ ఇసుక నేరుగా క్యామ్ మీద రాలుతుంది. కాయిల్స్ నాలుగూ తీయండి, తర్వాత ప్లగ్గులు తీసి గుంటలకు శుభ్రమైన గుడ్డ కుక్కండి. ప్లగ్గులు తీస్తే క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. తర్వాత కవర్ తీయండి. డ్రైవర్ వైపు ముందు చక్రం తీసి (జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండు పెట్టండి) లోపలి ప్లాస్టిక్ తీస్తే పుల్లీ బోల్టు కనిపిస్తుంది. తిప్పేది గడియారం ముల్లు దిశలోనే. ఎక్కువ తిరిగిపోయిందని వెనక్కి తిప్పకండి, చైన్ వదులు టెన్షనర్ (చైన్‌ని బిగువుగా ఉంచే భాగం) వైపుకి చేరుతుంది. ఇంకో రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్లీ సరిపెట్టుకోండి.

ఒకటో సిలిండర్ పుల్లీ వైపుది. దాన్ని కంప్రెషన్ స్ట్రోక్ పై కొసకి (వాల్వులన్నీ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి) తీసుకురావాలి. క్యామ్ స్ప్రాకెట్ మీద అప్ అన్న గుర్తు పైకి ఉంటుంది. గుర్తులు సరిగా కనబడకపోతే ఇంకో ఉపాయం ఉంది, ఏ నాలుగు సిలిండర్ల బండికైనా పనికొస్తుంది. ఫైరింగ్ వరస 1-3-4-2 కాబట్టి ఒకటికి జోడీ నాలుగు, రెండుకి జోడీ మూడు. నాలుగో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌టేక్ తెరుచుకోబోయే ఆ ఊగిసలాట దగ్గర ఆపితే ఒకటో సిలిండర్ సరిగ్గా కంప్రెషన్ కొసలో ఉన్నట్టు. అప్పుడు ఒకటో దాని నాలుగు వాల్వులూ మూసుకుని, రాకర్లు చేత్తో కదిపితే కొద్దిగా ఆడతాయి. అక్కడ నాలుగూ కొలిచాక క్రాంక్ అర చుట్టు తిప్పితే మూడోది, ఇంకో అర చుట్టుకి నాలుగు, ఇంకో అర చుట్టుకి రెండు.

ముందు కొలిచి కాగితం మీద రాసుకోండి, వెంటనే సరిచేసేయకండి. పదహారు అంకెలు రాసుకుంటేనే ఇంజిన్ సంగతి తెలుస్తుంది. శబ్దం చేసే రెండు వాల్వులు మాత్రం బిగించి కవర్ మూసేసే వాళ్లున్నారు. గ్యాస్ బండిలో అది చాలా ప్రమాదం, ఎందుకో చెబుతాను. వదులైన వాల్వ్ శబ్దం చేస్తుంది, వినబడుతుంది, దాని వల్ల రాకర్ కొన, వాల్వ్ కాడ తల నెమ్మదిగా అరుగుతాయి, అంతే. బిగుసుకుపోయిన వాల్వ్‌కి శబ్దమే ఉండదు. గ్యాస్ మంట పొడిగా ఉంటుంది, పెట్రోల్‌లా వచ్చేదారిలో ఆవిరై చల్లబరిచేది కూడా లేదు. దాంతో ఎగ్జాస్ట్ సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు) అరిగి వాల్వ్ పైకి జరుగుతూ పోతుంది, గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ సున్నా అయ్యాక వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగం దించుకునేది సీటు మీద కూర్చున్న ఆ కాసేపట్లోనే. అది కుదరకపోతే అంచు కాలి తునిగిపోతుంది. అప్పుడు హెడ్డు నిజంగానే దించాలి.

ఫీలర్ వాడటంలో ఒక జాగ్రత్త. "కొంచెం పట్టినట్టు జారాలి" అంటారు, ఆ పట్టు ఒక్కొక్కరి చేతికి ఒక్కోలా ఉంటుంది. రెండు బ్లేడులతో చూడండి. ఇన్‌టేక్‌లో 0.15 తేలిగ్గా పోవాలి, 0.20 పోకూడదు. ఎగ్జాస్ట్‌లో 0.25 తేలిగ్గా పోవాలి, 0.30 గట్టిగా పట్టాలి. సరిచేశాక స్క్రూని కదలకుండా పట్టుకుని లాక్ నట్టు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించండి. బిగించేటప్పుడు స్క్రూ కొంచెం తిరిగి గ్యాప్ మారడం మామూలే, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. బలం చూపించి బిగిస్తే చిన్న మర పోయి రాకరే మార్చాల్సి వస్తుంది.

ఇంకొకటి. గ్యాప్ సరిగ్గానే పెట్టినా ఒక చోట టిక్కు పోకపోతే ఆ స్క్రూ కొననీ, వాల్వ్ కాడ తలనీ టార్చితో చూడండి. అక్కడ గుంట పడి ఉంటే చదునైన ఫీలర్ బ్లేడు గుంట అంచుల మీద వంతెనలా ఆగిపోతుంది. బ్లేడు 0.18 అని చూపిస్తుంది, అసలు ఖాళీ అంతకన్నా ఎక్కువ. క్యామ్ ముక్కుల మీద గీతలు, పొక్కులు ఉన్నాయేమో అప్పుడే చూసుకోవాలి.

మూసేటప్పుడు చైన్ కేసు, హెడ్డు కలిసే మూలల్లో లిక్విడ్ గ్యాస్కెట్ ఒక్క చుక్క చొప్పున. కవర్ బోల్టులు మధ్యనుంచి బయటికి, సుమారు 10 న్యూటన్ మీటర్లు, రెండు విడతల్లో.

సువర్ణముఖి_డి (రాజాం)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది స్విఫ్ట్ 1.3 డీజిల్, 2.1 లక్షలు. దీనికీ పొద్దున్న కొన్ని సెకన్లు టకటకమని ఆగిపోతాది. దీనికి కూడా గ్యాప్ పెట్టించాలా?

నాగావళి_ఒడ్డు

వద్దు, దీంట్లో గ్యాప్ పెట్టడానికి స్క్రూ ఉండదు. ఆ 1.3 డీజిల్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు, రోలర్ రాకర్లు. రాత్రంతా నిలబడితే లిఫ్టర్లలో ఆయిల్ కొంత జారిపోతుంది, స్టార్ట్ అయ్యాక నిండే దాకా రెండు మూడు సెకన్లు కొట్టుకోవడం పెద్ద విషయం కాదు. దీనికి మొదట చూడాల్సింది ఆయిల్ ఫిల్టర్. ఇంజిన్ ఆగాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే ఏర్పాటు నాసిరకం ఫిల్టర్లలో సరిగా పనిచేయదు.

ఆ శబ్దం పదీ పదిహేను సెకన్లకు పెరిగితే, లేదా పైనుంచి కాకుండా చైన్ కేసు వైపునుంచి గరగరమంటూ వస్తుంటే, చైన్ టెన్షనర్ అనుమానించండి. టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెషర్ మీదే నిలబడుతుంది. ఆయిల్ మార్చడం ఆలస్యం చేసిన బండ్లలో చైన్ సాగుతుంది, ఈ ఇంజిన్‌లో చైన్ దాటితే పిస్టన్లు వాల్వులకి తగులుతాయి. దాన్ని వాయిదా వేయకూడదు. ఇంకా, ఇంజెక్టర్ల మొదట్లో తారులాంటి నల్లటి పదార్థం పేరుకుని చిస్ చిస్ మంటుంటే కింద రాగి వాషర్ లీకవుతోంది. దాన్ని కూడా లిఫ్టర్ శబ్దమనుకుంటారు.

లిఫ్టర్లే అని తేలితే వెంటనే కొత్తవి కొనకండి. మొదట ప్రెషర్ స్విచ్ తీసి ఆ రంధ్రంలో గేజ్ పెట్టి ఇంజిన్ వేడి మీద చూడండి. మాన్యువల్ అంకె దొరక్కపోతే ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకీ 10 పీఎస్ఐ అనే పాత లెక్క స్థూలంగా పనికొస్తుంది. ప్రెషర్ బాగుంటే సరైన గ్రేడు ఆయిల్, మంచి ఫిల్టర్ వేసి 2,000 కిలోమీటర్లకే మార్చి, ఇంకో 2,000కి మళ్లీ మార్చండి. లోపలి జిగురు నెమ్మదిగా కరిగి లిఫ్టర్లు చాలాసార్లు వాటంతట అవే తేరుకుంటాయి. అయిదు నిమిషాల ఫ్లష్ పోయకండి. రెండు లక్షలు తిరిగిన ఇంజిన్‌లో ఒక్కసారిగా ఊడిన జిగురు ముక్కలు ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తాయి.

చంపావతి_తీరం

ఆదివారం తెల్లారి పని అయింది. కొలిచిన అంకెలు ఇవి, అన్నీ మి.మీ.లో, సరిచేయక ముందువి.

ఇన్‌టేక్: ఒకటో సిలిండర్ 0.18, 0.19. రెండు 0.28, 0.25. మూడు 0.18, 0.19. నాలుగు 0.22, 0.20.

ఎగ్జాస్ట్: ఒకటి 0.24, 0.25. రెండు 0.23, 0.24. మూడు 0.12, 0.15. నాలుగు 0.25, 0.22.

లెక్కలోకి రానివన్నీ సరిచేసి, ఇన్‌టేక్ 0.17 దగ్గర, ఎగ్జాస్ట్ 0.28 దగ్గర పెట్టాం. రెండో సిలిండర్ టిక్కు పూర్తిగా పోయింది. ఇప్పుడు నాలుగు సిలిండర్ల దగ్గరా ఒకేలా, కుట్టు మిషన్‌లా సన్నగా వినిపిస్తోంది. రాకర్ కొనల్లో గుంటలేమీ కనబడలేదు. ఇంకేమైనా చూడాలా?

వంశధార_1500

కుట్టు మిషన్‌లా నాలుగింటా ఒకేలా ఉంటే అది ఉండాల్సిన శబ్దమే. స్క్రూ సెట్టింగ్ ఇంజిన్ పూర్తిగా మూగగా ఉండదు, ఉండేలా బిగించకూడదు కూడా.

మీరు శబ్దం కోసం వచ్చారు గానీ, ఈ అంకెల్లో నాకు కలవరంగా ఉన్నది మూడో సిలిండర్ ఎగ్జాస్ట్. 0.26 ఉండాల్సిన చోట 0.12. ఎనిమిది ఎగ్జాస్ట్ వాల్వులూ తగ్గాయి, అంటే గ్యాస్ మీద సీట్లు అన్నీ అరుగుతున్నాయి, మూడోది అందరికన్నా ముందుంది. మీ చెవికి ఒక్క శబ్దం కూడా చేయలేదు చూడండి.

ఈ వారంలోనే కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఇంజిన్ వేడి మీద, గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేసి, ఇంజెక్టర్ కనెక్టర్లు, కాయిల్స్ పీకి, ప్లగ్గులు నాలుగూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి ఒక్కో సిలిండర్‌కి స్టార్టర్ కొట్టాలి. బ్యాటరీ బలంగా ఉండాలి, లేకపోతే చివరి సిలిండర్ తక్కువ చూపిస్తుంది. సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా గేజ్ మీద రెండు కేజీలు (చదరపు సెంటీమీటరుకి) దాటకూడదు. మూడోది తక్కువ వస్తే ప్లగ్గు గుంటలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్.

కంప్రెషన్ సమానంగా ఉంటే వాల్వ్ ఇంకా కాలలేదన్నమాట, సమయానికి పట్టుకున్నారు. హెడ్డు జోలికి పోకండి. పది వేల కిలోమీటర్లకి మళ్లీ ఆ ఎగ్జాస్ట్ వాల్వులు మాత్రం కొలవండి. 0.28 పెట్టింది 0.25 లోపు దిగిపోతే అరుగుడు వేగంగా ఉంది, అప్పుడు అయిదు వేలకోసారి చూడాలి. నిలకడగా ఉంటే ఇరవై వేలకి పెంచుకోవచ్చు. సర్దడానికి స్క్రూలో ఎంత మర మిగిలుందో కూడా చూస్తూ ఉండండి, అది అయిపోతే సీట్లు మార్చడమే దారి.

గ్యాస్ కిట్ ట్యూనింగ్ చేసినవాళ్ల దగ్గరికి ఒకసారి వెళ్లి మిక్స్చర్ చూపించండి. గ్యాస్ తక్కువై గాలి ఎక్కువైతే మంట వేడెక్కి ఎగ్జాస్ట్ వాల్వులే ముందు దెబ్బ తింటాయి. గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) చూడమనండి, పెట్రోల్ మీద ఉన్న అంకెకి దగ్గరగా ఉండాలి. పలాస వైపు హైవే మీద ఏకబిగిన వంద దాటి లాగేటప్పుడు కొంత దూరం పెట్రోల్ మీద నడపండి. సీట్లకి ఎక్కువ వేడి పుట్టేది అక్కడే.

చంపావతి_తీరం

అర్థమైంది వంశధార గారూ. 20డబ్ల్యూ-50 తీసేసి ఫిల్టర్‌తో సహా మార్చేశాను. కంప్రెషన్ గేజ్ ఉన్న షెడ్డు విజయనగరంలో దొరికింది, బుధవారం పొద్దున్నకి చెప్పాను. నాలుగు అంకెలూ ఇక్కడే పెడతాను.